మా అమ్మాయి కుటుంబ ప్రార్థనకు రానన్న రాత్రి

పదిహేనేళ్ళ మీ అబ్బాయి చర్చికి రానంటున్నాడని, "మీ నీతులన్నీ పాతకాలంవి" అంటున్నాడని రాశారు. ఈ రోజుల్లో పిల్లల్ని క్రైస్తవ విలువలతో పెంచడం అసలు సాధ్యమేనా అని అడిగారు. నేను పాస్టర్‌ని కాను. ఇరవై నాలుగేళ్ళుగా సంసారం చేస్తున్నవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని, కొన్నేళ్ళు సంఘ పెద్దగా ఉన్నవాణ్ణి. మా ఇంట్లో జరిగింది చెబుతాను, మీకు పనికొచ్చేది ఉంటే తీసుకోండి.

మా అమ్మాయికి పదహారు నిండిన ఏడు, ఒక రాత్రి ప్రార్థనకు పిలిస్తే గదిలోంచే "నేను రాను నాన్నా" అంది. మా పెళ్ళయినప్పటి నుంచీ రాత్రి ఎనిమిదిన్నరకు ఇంట్లో ప్రార్థన ఉంది. ఒక పాట, ఒక అధ్యాయం, తర్వాత ఒక్కొక్కరుగా ప్రార్థన. ఎవరికైనా జ్వరమొస్తే మంచం చుట్టూ కూర్చుని చేసుకున్నామే గానీ మానలేదు. అందుకే ఆ మాట తట్టుకోలేకపోయాను. అరిచాను. బైబిల్లోని యాజకుడు ఏలీ కొడుకుల సంగతి ఎత్తాను. ఏలీ తన కొడుకుల్ని అదుపులో పెట్టలేదు కాబట్టే ఆ ఇంటి మీదికి తీర్పు వచ్చింది, నా ఇంటి మీదికి రానివ్వను అన్నాను. తను తలుపు వేసుకుంది. వారం రోజులు మా మధ్య మాటల్లేవు.

చివరికి మా ఆవిడే అడిగింది, "ఎందుకు రానంటోందో ఒక్కసారైనా అడిగారా?" అని. అడగలేదు. ఫోను వల్ల అనుకున్నాను, స్నేహితుల వల్ల అనుకున్నాను, లోకం లాగేస్తోంది అనుకున్నాను. కారణం నాకు తెలిసిపోయిందనే అనుకున్నాను.

వెళ్ళి అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. "నానమ్మ హాస్పిటల్లో ఉన్నప్పుడు ఒక సాయంత్రం అత్త ఫోన్ చేసింది, గుర్తుందా? ఆఫీసులో ఇరుక్కుపోయానని చెప్పావు. అప్పుడు మనం చర్చి మెట్ల మీద ఉన్నాం. నేను నీ పక్కనే ఉన్నాను. ఆ రాత్రే ప్రార్థనలో నానమ్మ కోసం ఏడ్చావు. అప్పట్నుంచి నువ్వు ప్రార్థన చేస్తుంటే నాకు వినబుద్ధి కావట్లేదు."

గుర్తుంది. ఆ సాయంత్రం సంఘం లెక్కల మీద పెద్దల మీటింగు. వాయిదా వేసి ఉంటే ఎవరికీ నష్టం లేదు. మా చెల్లెలు మూడు వారాలుగా ఒక్కతే అమ్మ దగ్గర ఉంటోంది. దేవుని పనిలో ఉన్నానంటే తను ఒప్పుకోదని తెలుసు, అందుకే ఆఫీసు పేరు చెప్పాను. రెండు నెలలకు అమ్మ పోయింది.

మార్కు సువార్త ఏడో అధ్యాయం నేనే యవ్వనస్థులకు బోధించాను. అందులో యేసు ఆనాటి మతపెద్దలైన పరిసయ్యుల్ని, శాస్త్రుల్ని నిలదీస్తాడు. ఆ రోజుల్లో ఒకడు తన సొత్తును "కొర్బాను" అని, అంటే దేవునికి అర్పితమని ప్రకటిస్తే, దానిలోంచి తల్లికీ తండ్రికీ ఏమీ చేయనక్కరలేదని వాళ్ళు ఒప్పుకునేవాళ్ళు. మీ పారంపర్యాచారంతో దేవుని వాక్యాన్ని కొట్టేస్తున్నారు అంటాడు యేసు. తల్లిదండ్రులను సన్మానించు అనే ఆజ్ఞను మనం సండే స్కూల్ పిల్లల చేత కంఠస్థం చేయిస్తాం, వాళ్ళు ఎదురు మాట్లాడినప్పుడు గుర్తుచేస్తాం. యేసు మాత్రం దాన్ని పెద్దవాళ్ళ మీద ప్రయోగించాడు, ముసలి తల్లిదండ్రులున్న మగవాళ్ళ మీద, అందులోనూ భక్తిపరుల మీద. నా కొర్బాను డబ్బు కాదు, నా సాయంత్రాలు. ఆ పాఠం చెప్పిన ఏ రోజూ నాకది తట్టలేదు.

"నువ్వన్నది నిజమేనమ్మా. అబద్ధం చెప్పాను. నన్ను క్షమించు" అన్నాను. సంఘం పని కదా అని ఇంకో వాక్యం చేర్చబోయి ఆగిపోయాను. ఆ వాక్యం అని ఉంటే నేను అడిగిన క్షమాపణ అక్కడే పోయేది.

మర్నాడు చెల్లెలికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. చాలాసేపటికి, "అమ్మ నువ్వెప్పుడొస్తావని అడిగినప్పుడల్లా నేనూ అదే చెప్పాను అన్నయ్యా, ఆఫీసులో పని ఎక్కువగా ఉందని. నిజమనుకునే చెప్పాను" అంది. నా అబద్ధం మా చెల్లెలి నోటి మీదుగా మా అమ్మకు చేరింది. అమ్మ దాన్ని నమ్ముతూనే వెళ్ళిపోయింది. దీన్ని ఇప్పుడు ఎవరి దగ్గరా సరిదిద్దుకోలేను.

ఇంతా అయ్యాక మా అమ్మాయి మర్నాడు ప్రార్థనకు వచ్చి కూర్చుందని మీరు అనుకోవచ్చు. రాలేదు. ఐదు నెలలు రాలేదు. నేను పిలవడం మానలేదు, గట్టిగా అడగడం మానేశాను. పెద్దల బాధ్యత నుంచి రెండేళ్ళు తప్పుకున్నాను. నా ఆత్మీయత చల్లారిందని కొందరు నొచ్చుకున్నారు. వాళ్ళకు పూర్తి కారణం చెప్పలేదు, అది ఇంటి విషయం.

ఇక మీ అబ్బాయి అన్న "పాతకాలం" మాట. దాన్ని కొట్టిపారేయకండి, కూర్చుని మాట్లాడండి. అపొస్తలుడైన పౌలు ఎఫెసు సంఘానికి ఉత్తరం (ఎఫెసీ పత్రిక) రాసిన రోజుల్లో రోమా చట్టం తండ్రికి పిల్లల ప్రాణాల మీద కూడా హక్కు ఇచ్చింది. పుట్టిన బిడ్డను పెంచాలా, బయట వదిలేయాలా అన్నది తండ్రి ఇష్టం. డిడాకే అనే తొలినాటి క్రైస్తవ బోధల చిన్న పుస్తకం పుట్టిన బిడ్డను చంపకూడదని ఆజ్ఞగా రాసింది. పిల్లలకు కోపం రేపవద్దని పౌలు తండ్రులకు రాసింది (ఎఫెసీ 6:4) అలాంటి లోకంలో. కొలొస్సీ 3:21లో పిల్లల మనసు కుంగిపోకూడదని కారణం కూడా చెప్పాడు. పిల్లలు లోబడాలన్న వచనం మా ఇంట్లో వందసార్లు చదివి ఉంటాం. తండ్రులకు చెప్పిన మాట మీద నేను ఒక్క రాత్రి కూడా ఆగలేదు. మా అమ్మాయి మనసు కుంగింది, కారణం నేనే. అదే బైబిలు ఆ సంగతి నాకు ముందే చెప్పింది.

ఫోన్ల గురించి క్లుప్తంగా. ద్వితీయోపదేశకాండం 6:7లో దేవుని మాటలు పిల్లలతో మాట్లాడాల్సిన వేళలు నాలుగున్నాయి: ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. మా ఇంట్లో ఈ నాలుగు వేళల్నీ ఫోనే తీసేసుకుంది. పిల్లల ఫోన్లు మాత్రం రాత్రి తొమ్మిదికల్లా నా చేతికి వచ్చేవి. నేను పరుపు మీద పడుకుని పదకొండు దాకా ప్రసంగాల వీడియోలు చూసేవాణ్ణి, మంచివే కదా అని. ఇప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళందరి ఫోన్లూ హాల్లో ఒకే సొరుగులో ఉంటాయి. మొదటి నెల అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడింది నేనే.

ఈ కాలం సంస్కృతి మొత్తం చెడ్డదన్న మాట నేను ఇప్పుడు అనలేను. మా అమ్మాయే అనకుండా చేసింది. ఒకరోజు 2 సమూయేలు పదమూడో అధ్యాయం తీసి నా ముందు పెట్టి, "దీని మీద మన సంఘంలో ఎప్పుడైనా ప్రసంగం విన్నావా నాన్నా?" అంది. దావీదు రాజు కూతురు తామారును, దావీదుకే ఇంకో భార్య వల్ల పుట్టిన, అన్న వరసైన అమ్నోను బలవంతం చేసిన అధ్యాయం అది. సొంత అన్న అబ్షాలోము ఆమెను ఊరుకోమంటాడు. దావీదుకు చాలా కోపం వచ్చిందని ఉంది. కోపం వచ్చిన తర్వాత ఏం చేశాడో చూద్దామంటే, ఏమీ లేదు. పాత గ్రీకు అనువాదం సెప్టువజింతులో ఆ వచనానికి ఇంకో మాట కూడా ఉంది: అమ్నోను జ్యేష్ఠుడు, ప్రియమైన కొడుకు కాబట్టి దావీదు అతని మనసు నొప్పించలేదని. రెండేళ్ళకు అబ్షాలోము అమ్నోనును చంపించాడు. తామారు అన్న ఇంట్లో దిక్కులేనిదై ఉండిపోయింది.

నేను ఆ అధ్యాయం మీద ప్రసంగం వినలేదు. గొల్యాతు మీద విన్నాను, బత్షెబ మీద విన్నాను, తామారు మీద లేదు. ఒక ఆడపిల్ల తనకు జరిగింది చెబితే నమ్మాలి, చేసినవాడు ఎంత కావలసినవాడైనా అడ్డు నిలబడాలి అన్నది మా అమ్మాయి బడిలో, ఇంటర్నెట్‌లో నేర్చుకుంది. దానికి కావలసిన అధ్యాయం మన చేతుల్లోనే ఉంది. మనం పేజీ తిప్పేశాం. ఈ విషయంలో నాకు బాధ ఉంది, సిగ్గు ఉంది.

అలాగని ఇప్పుడు నడుస్తున్న ప్రతి మాటకూ తలూపను. బంధం కొంచెం బరువనిపిస్తే వదులుకో, నీ సంతోషమే ముందు అన్న మాట చుట్టూ వినిపిస్తోంది. పెళ్ళిలో దేవుని ముందు చేసిన ప్రమాణం మన మనసు మారినప్పుడల్లా మారేది కాదని ఇప్పటికీ నమ్ముతాను. మాకూ చాలా కష్టమైన రెండేళ్ళు గడిచాయి. ఆ ప్రమాణం లేకపోతే నిలబడేవాళ్ళం కాదు. కొట్టే భర్త దగ్గర ఓర్చుకోమని భార్యకు వాక్యం చూపించడం మాత్రం నా దృష్టిలో పాపం. ఎఫెసీ అయిదో అధ్యాయంలో భార్యలకు చెప్పింది మూడు వచనాలు, 22 నుంచి 24. ఆ తర్వాత దాదాపు చివరిదాకా భర్తలకే, క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు ప్రేమించాలని. వీటికి ముందున్న 21వ వచనం ఒకరికొకరు లోబడమంటుంది. మా ఇంట్లో ఆ వచనం మా ఆవిడ చదివి వినిపించింది, నేను కాదు.

సినిమాలు, పాటలు, బట్టల గురించి కూడా మీ ప్రశ్నలో ఉంది. దానియేలు మొదటి అధ్యాయం మీ అబ్బాయితో కలిసి చదవండి. చెరపట్టి బబులోనుకు తీసుకుపోయిన ఆ కుర్రవాడు అక్కడి కల్దీయుల భాష నేర్చుకున్నాడు, వాళ్ళ విద్య నేర్చుకున్నాడు, వాళ్ళు పెట్టిన పేరుతో పిలిపించుకున్నాడు. రాజు భోజనం దగ్గర మాత్రం ఆగాడు, అది తిననన్నాడు. ఎక్కడ ఆగాలో తనే తేల్చుకున్నాడు, తల్లిదండ్రులు పక్కన లేరు. పిల్లవాడి తరఫున గీతలన్నీ మనమే గీసేస్తే, మనం పక్కన లేని రోజు వాడికి గీత గీయడం రాదు. మేము ఇప్పుడు పిల్లలతో కూర్చునే సినిమా చూస్తాం. తర్వాత మాట్లాడుకుంటాం, వాదించుకుంటాం. మా అబ్బాయి కొన్నిసార్లు నాకంటే కఠినంగా ఉంటాడు.

మా అమ్మాయికి ఇప్పుడు ఇరవై ఒకటి. చదువు కోసం దూరంగా ఉంటోంది. ఒక ఆదివారం చర్చికి వెళ్తుంది, ఒక ఆదివారం వెళ్ళదు. ఇంటికొచ్చినప్పుడు ప్రార్థనలో కూర్చుంటుంది. తన వంతు వచ్చినప్పుడు కొన్ని రాత్రులు "ఇవాళ నాకేమీ రావట్లేదు" అంటుంది. అప్పుడు ఎవరం ఏమీ అనం, తర్వాతివాళ్ళు మొదలుపెడతారు.

మీరు అడగకపోయినా ఒక్కటి చెబుతాను. మీ అబ్బాయికి ఇవాళ ఏ వచనమూ చూపించకండి, ఏలీ గురించి అసలు ఎత్తకండి. వాడి గదిలోకి వెళ్ళి, ఈ ఇంట్లో నువ్వు ఏం చూశావు, నాలో ఏం చూశావు అని అడగండి. ఎదురు చెప్పకుండా, వాడు చెప్పడం పూర్తయ్యేదాకా కూర్చోండి. వెళ్ళేముందు ఫోన్ బయటే పెట్టి వెళ్ళండి.