సంవత్సరీకానికి నాన్న పుస్తకం

చి. శ్రీనుకు, మామయ్య ఆశీస్సులు.

సంవత్సరీకానికి నాన్న మీద చిన్న పుస్తకం వేద్దామన్నావు. వెయ్యి. కాకపోతే ఇలాంటివి మనవైపు బోలెడు వస్తున్నాయి, పేరు మార్చి చదివితే ఎవరి నాన్నకైనా సరిపోతాయి. ‘అజాతశత్రువు, ప్రేమమూర్తి’ అని పేజీలు నింపితే అందులో బావ ఎక్కడా కనపడడు. బస్సుతో పోయి రాత్రి బయటే ఉండే నైట్ ఔట్ డ్యూటీ నుంచి ఏ వేళకి ఇల్లు చేరేవాడు, ఖాళీ క్యారేజీ ఎవరి చేతికిచ్చేవాడు, నీ ఫీజుకి ఎవరి దగ్గర అప్పు తెచ్చాడు, అవి కావాలి.

ముందు గడువు తేల్చుకో. సంవత్సరీకం తిథి ప్రకారం వస్తుంది, మామూలు ఏడాదైతే తేదీ కంటే పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. ఈ 2026లో అధిక జ్యేష్ఠం (జ్యేష్ఠం ముందు ఓ నెల అదనంగా) ఉంది కాబట్టి మార్గశిరంలో పోయిన మీ నాన్నకి పద్దెనిమిది, పంతొమ్మిది రోజులు ఆలస్యంగా పడుతుంది. పురోహితుడి చేత తేదీ రాయించుకుని, దానికి నెల ముందే ప్రెస్సుకి ఇచ్చేలా చూసుకో.

పుట్టినరోజు దగ్గరే మొదటి చిక్కు. సర్వీసు రిజిస్టరులో ఉన్నది బళ్ళో వేసినప్పుడు మేష్టారు రాసిన తేదీ. జాతకంలో వికారి నామ సంవత్సరం, మాఘమాసం అని ఉంది కదా. వికారి 1959 ఉగాదితో మొదలైనా మాఘం వచ్చేసరికి 1960లో పడతాం. చాలామంది ఇక్కడే ఏడాది తప్పు వేస్తారు. రెండు తేదీలూ వేసి, ఏది ఎక్కడిదో రాసెయ్యి.

పెద్దవాళ్ళని ఏ సంవత్సరమని అడగకు, చెప్పలేరు. గోదావరి వరదకి ముందా తర్వాతా అని అడుగు. ఆ వరద 1986 ఆగస్టు. కోనసీమ తుఫాను 1996 నవంబరు. గోదావరి పుష్కరాలు 1979, 1991, 2003, 2015. బదిలీలు, ఇల్లు కట్టడం, మీ పుట్టుకలు వీటి మధ్య ఎక్కడ పడతాయో చూసి, తర్వాత కాగితాలతో సరిపోల్చు.

అందరికంటే ముందు మీ పెద్దత్త దగ్గర కూర్చో. వయసులో పెద్ద, చిన్నప్పటి సంగతులు తెలిసింది ఆవిడ ఒక్కతికే. పొద్దున టిఫిను అయ్యాక వెళ్ళు, ముప్పావుగంట మించకు. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టు, లేకపోతే కాల్ వచ్చి రికార్డింగు ఆగిపోవచ్చు. ఫ్యాను ఆపు, ఆ చప్పుడు మాటని మింగేస్తుంది. మొదట ఆవిడ పేరు, ఆ రోజు తేదీ నువ్వే పైకి చెప్పు. ‘నాన్న ఎలాంటివాడు?’ అని మాత్రం అడగొద్దు. ‘దేవుడు నాయనా’ అని కళ్ళు తుడుచుకుంటుంది, అక్కడితో సరి. పాత ఫొటో ఒకటి చేతికిచ్చి, ఇది ఎవరింటి అరుగు, ఈ చొక్కా ఎవరు కుట్టారు అని అడుగు. ఒకరితోనే కూర్చో. పక్కన ఇంకొకరుంటే ఒకరి మాట ఒకరు కోసుకుంటారు. అమ్మని చివరికి ఉంచు, ఆవిడ తనంతట తాను ఎత్తితేనే.

అద్దానికి అంటుకుపోయిన ఫొటోని లాగకు, రంగు అద్దంతోపాటు ఊడొస్తుంది. అద్దం మీదే, వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి కెమెరాతో తియ్యి. జిగురు ఆల్బముల్లో ఉన్నవీ అంతే. పాస్‌పోర్టు సైజువి 600 డీపీఐలో స్కాన్ చేయించు, పోస్టుకార్డు సైజుకి 300 చాలు. ఎవరు ఎవరో వెనకాల మెత్తటి పెన్సిలుతో రాయి, బాల్‌పెన్ను అచ్చు ముందువైపుకి పొడుచుకొస్తుంది. వాట్సాప్‌లో పంపించుకోవాలంటే డాక్యుమెంటుగా పంపమను, ఫొటోగా పంపితే నాణ్యత పోతుంది. నాన్న నీకు పెట్టిన వాయిస్ మెసేజీలు నీ ఫోన్లోనే ఉన్నాయిగా, ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి మీడియాతో సహా ఈ వారమే దాచుకో. ఫోను మారిస్తే పోయేవి ముందు అవే.

రాసేటప్పుడు తగాదాలు దాచిపెట్టక్కర్లేదు గానీ, బతికున్నవాళ్ళ గుట్టు నీది కాదు. పొలం గొడవ ఒక్క వాక్యంలో దాటెయ్యి, అబద్ధం మాత్రం రాయకు. వంశవృక్షంలో ఆడపడుచుల వైపు పిల్లల్ని వదిలేయడం మన దగ్గర పాత రోగం. పుస్తకం పంచిన రోజే అలకలు మొదలవుతాయి. పేర్లు, ఇంటిపేర్లు, వరసలు పెద్దత్తకి ఒకటికి రెండుసార్లు చదివి వినిపించు.

డెమీ సైజులో 64 పేజీలు చాలు. పేజీలు పదహారు చొప్పున ఫారాలుగా వస్తాయి, 67 రాస్తే 80 అవుతుంది. ఈ మందానికి సెంటర్ పిన్, అంటే మధ్యలో మడిచి పిన్ను కొట్టడం, సరిపోతుంది. వంద, నూటయాభై కాపీలకి డిజిటల్ ప్రింటే మేలు, ఐదొందలైతే ఆఫ్‌సెట్ గిట్టుబాటు. నువ్వు యూనికోడ్‌లో టైపు చేసిస్తే చాలా డీటీపీ సెంటర్లలో అను ఫాంటుకి (అచ్చుపనికి వాడే, యూనికోడ్ కాని పాత తరహా ఫాంటు) మారుస్తారు. అప్పుడు ఒత్తులు చెదురుతాయి, ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటివి ముందుగా. అందుకని చివరి ప్రూఫు నీ ఫైల్లో కాదు, వాళ్ళిచ్చే పీడీఎఫ్‌లో చూడు, అదీ కాగితం మీద తీయించి. డిపోలో నాన్నతో చేసినవాళ్ళకి కూడా లెక్కేసుకుని ఓ ఇరవై కాపీలు ఎక్కువ వేయించు.

ఇట్లు,
మామయ్య