జుంకా షార్పు, కన్ను మసక

చిరంజీవి అల్లుడికి,

నువ్వు మొదటిసారి సొంతంగా తీసిన పెళ్లి ఫొటోలు తీరిగ్గా చూశాను. వెలుగు బాగా పట్టుకున్నావురా. కానీ గంపలోంచి దిగాక పెళ్లికూతుర్ని తీసిన నిలువు ఫొటో ఒకసారి పెద్దది చేసి చూడు. చెంపస్వరాల లంకెలు లెక్కపెట్టొచ్చు, జుంకా అంచు ముత్యాలు మెరుస్తున్నాయి, కాటుక కన్ను మాత్రం మసక. లెన్సు పాడైందని ఫోన్లో టెన్షన్ పడ్డావు. లెన్సుకేం కాలేదు. ఫ్రేము మధ్యనున్న ఫోకస్ పాయింటుతో కంటిమీద ఫోకస్ లాక్ చేసి (బటన్ సగం నొక్కి ఫోకస్‌ని అక్కడే బిగించి), తర్వాత కెమెరా కిందికి వంచావు. అదీ సంగతి.

కెమెరాకి ఒక కర్ర బిగించి, కర్ర చివర నిలువుగా పెద్ద అట్ట అతికించావనుకో. షార్పుగా వచ్చేది ఆ అట్ట ఉన్న చోటే. కెమెరా కిందికి వంచితే అట్ట పైఅంచు అవతలికి వాలుతుంది, అంటే కన్ను దాటి వెనక్కి పోతుంది. నువ్వు తీసింది 35 ఎం.ఎం. లెన్సుతో, 1.4 అపెర్చర్‌లో, అంటే లెన్సు రంధ్రం బాగా తెరిచి, మీటరున్నర దూరం నుంచి. తల ఫ్రేము పైకి రావాలని దాదాపు 20 డిగ్రీలు వంచి ఉంటావు. దానికి ఫోకస్ ఇంచుమించు 9 సెంటీమీటర్లు వెనక్కి వెళ్తుంది. కంటి నుంచి చెవికి కూడా దాదాపు అంతే దూరం. జుంకా ఎందుకు మెరిసిందో అర్థమైందా?

ఇంకా ఇరుకుగా చూసే 85 ఎం.ఎం. లెన్సుతో, అదే దూరం నుంచి అయితే కన్నుని మధ్య నుంచి కాస్త పైకి జరపడానికి నాలుగు డిగ్రీలు చాలు, తేడా అర సెంటీమీటరు కూడా రాదు. అక్కడ అసలు దొంగ వేరే. 1.4లో షార్పుగా ఉండే మందం మొత్తం రెండున్నర సెంటీమీటర్లే. లాక్ చేశాక నువ్వు ఊపిరి వదిలి ముందుకు తూగినా, అమ్మాయి నవ్వి తల వంచినా పోయినట్టే. మోచేతులు పక్కటెముకలకి ఆనించి నిలబడు.

మేం ఇలాగే వంచి తీసేవాళ్లం, వేరే దారి లేక. 2008లో వచ్చిన కానన్ 5డి మార్క్ 2లో తొమ్మిది పాయింట్లుంటే క్రాస్ టైపు (అడ్డగీతల్నీ నిలువుగీతల్నీ రెంటినీ పట్టేది) మధ్యది ఒక్కటే. మండపం చీకట్లో పక్క పాయింట్లు తడుముకునేవి. వంచినప్పుడు ఫోకస్‌లో వచ్చే తేడాని లెక్కగట్టి తనే సర్దుకునే ఏర్పాటు హాసెల్‌బ్లాడ్ హెచ్4డి కెమెరాలో ఉండేది. దాని ధర మనలాంటి వాళ్లం అడగకూడదులే.

నీది మిర్రర్‌లెస్, లోపల అద్దం లేని కొత్తరకం కెమెరా. కంటిని తనే వెతికి పట్టుకునే ఐ ఆటోఫోకస్ పెట్టి, ముందు ఫ్రేము కట్టుకో, తర్వాత నొక్కు. బాసికమో పూలజడో అడ్డొచ్చి అది తికమకపడితే, చిన్న పాయింటుని జాయ్‌స్టిక్‌తో దగ్గరున్న కంటిమీదికి తెచ్చుకో. అంత టైము లేదు, వంచక తప్పదు అనుకుంటే అపెర్చర్ 2.8కో 4కో వెళ్లు, రంధ్రం చిన్నదై షార్పు మందం పెరుగుతుంది. లేదా కొంచెం వదులుగా తీసి ఆల్బంలో కత్తిరించు. కంటిన్యువస్ ఫోకస్‌లో (కెమెరా ఆగకుండా ఫోకస్ సరిచేసుకుంటూ పోయే పద్ధతిలో) ఉండగా బటన్ సగం నొక్కి వంచొద్దు. లాక్ కానే కాదు, పాయింటు ఎక్కడ పడితే అక్కడికే ఫోకస్ పరిగెడుతుంది. ఒకసారి నాకు తలంబ్రాల ఫొటోలో వెనకున్న మైకు స్టాండు అద్భుతంగా వచ్చింది.

ఈ ఆదివారం మీ అమ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టి, జుంకాలు పెట్టుకోమని చెప్పి, వంచి పది, వంచకుండా పది తీసి పంపు. విసుక్కుంటుంది కానీ కూర్చుంటుంది.

మీ మామయ్య