ఎయిర్ టాక్సీలు వస్తే ఒక ప్రాంతానికి ఆర్థికంగా ఏం ఒరుగుతుంది?

టికెట్ల డబ్బు కన్నా ముందు కనిపించేది ఫ్యాక్టరీ. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌నే తీసుకోండి. రైట్ సోదరుల ఊరు. పక్కనే మొరైన్‌లో ఉన్న జనరల్ మోటార్స్ ప్లాంటు 2008లో మూతపడింది. ఎయిర్ టాక్సీలంటే కరెంటుతో నిలువుగా పైకి లేచే చిన్న విమానాలు; వాటిని చేసే జోబీ కంపెనీ, 2023లో డేటన్‌లో 50 కోట్ల డాలర్ల దాకా పెట్టుబడి, 2,000 దాకా ఉద్యోగాలు అని ప్రకటించింది. ఆ ‘దాకా’ను గమనించండి. పైగా రాష్ట్రం, స్థానిక సంస్థలు ఇస్తామన్న రాయితీలే 32.5 కోట్ల డాలర్ల వరకు ఉన్నాయి!

ఇలాంటి విమానాల రంగం మొత్తం మీద ఒహాయో 2021లో వేయించిన అంచనా ఇంకా పెద్దది: 25 ఏళ్లలో రాష్ట్రానికి 1,300 కోట్ల డాలర్ల ఆర్థిక ప్రభావం, 15,000 ఉద్యోగాలు. నన్నడిగితే, పైలట్‌తో పాటు నలుగురే కూర్చునే టాక్సీ కన్నా సరుకులు, మందుల రవాణాయే ముందు గిట్టుబాటవుతుంది.