పద్యనాటకంలో నటి కావాలంటే దేనితో మొదలుపెట్టాలి?

కడపలో ఉంటూ పద్యనాటకాల్లో వేషం కట్టాలంటే ఏం నేర్చుకోవాలని మీ ప్రశ్న. 1885లో ‘కీచకవధ’తో సురభి నాటక సమాజం పుట్టింది మీ జిల్లాలోనే. 1932 నాటి తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేసిన కమలాబాయి ఆ సురభి మనిషే.

ముందు హార్మోనియం మీద మీ శ్రుతి, అంటే మీ గొంతుకు తగిన స్థాయి, తేల్చుకోండి. ఎదుటి నటుడి శ్రుతికి ఎక్కి పాడితే నాలుగు పద్యాలకే గొంతు పట్టేస్తుంది.

ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, యతి పదో అక్షరం. కొత్తవాళ్లు అక్కడ ఊపిరి తీస్తారు, మాట రెండు ముక్కలవుతుంది. యతి అక్షరమైత్రి కోసం, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని కలవడానికి; ఆగడానికి కాదు. మాట ముగిసిన చోటే ఊపిరి తీయాలి. పాదపాదానికీ రాగం లాగితే ఈలలు పడతాయేమో గానీ, పోటీల్లో ‘ఉత్తమ నటి’ బహుమతికి వాచికం (మాట పలికే తీరు), ఆంగికం (ఒంటి కదలికలు) కూడా చూస్తారు.