మా ఫ్యాక్టరీలో సొంత 5జీ పెట్టుకోవచ్చా? స్పెక్ట్రమ్ ఎవరిస్తారు?

లైసెన్సు దరఖాస్తుకు 50 వేల రూపాయలేనట, అది కట్టేస్తే ఫ్యాక్టరీలో సొంత 5జీ నడుపుకోవచ్చా అని అడిగారు. నడుపుకోలేరు. ఆ కాగితం బోరు వేసుకోవడానికిచ్చే అనుమతి లాంటిది, నీళ్ళ సంగతి అందులో ఉండదు. ఇక్కడ నీళ్ళంటే స్పెక్ట్రమ్, అంటే సిగ్నళ్ళు నడిచే రేడియో తరంగాల వాటా. నేను 2024లో దాదాపు ఏడాదిపాటు ఈ పని మీద తిరిగాను కాబట్టి ఎక్కడ ఆగిపోతారో చెప్పగలను.

మాది విశాఖ దగ్గర కంటైనర్ యార్డు, 25 ఎకరాలు. మొదట వైఫై పెట్టాం. సర్వే చేసి, స్తంభాలు వేసి, ఖరీదైన పరికరాలే బిగించాం. కానీ యార్డులో గోడలు రోజూ కదులుతాయి. పొద్దున ఖాళీగా ఉన్న చోట సాయంత్రానికి ఐదు కంటైనర్ల ఎత్తున ఇనుము నిలబడుతుంది. కంటైనర్లను ఎత్తిపెట్టే బండి, అదే రీచ్ స్టాకర్, ఒక వరుసలోంచి ఇంకో వరుసలోకి తిరిగిందంటే అందులోని ట్యాబ్ పాత యాక్సెస్ పాయింటునే (వైఫై సిగ్నలిచ్చే పెట్టెనే) పట్టుకుని వేలాడేది. ఎప్పుడు మారాలో వైఫైలో ట్యాబే తేల్చుకోవాలి, సెల్యులార్‌లో నెట్‌వర్క్ నిర్ణయిస్తుంది. అసలు తేడా ఇక్కడే ఉంది. మా ఆపరేటర్ ఒకాయన విసిగిపోయి, నాలుగు అక్షరాలూ ఏడు అంకెలూ ఉండే కంటైనర్ నంబరును అరచేతి మీద పెన్నుతో రాసుకుని తిరిగేవాడు. చెమటకు ఒక అంకె చెరిగిపోయి, వేరే కంటైనర్ లారీ ఎక్కింది. యాజమాన్యానికి 5జీ గుర్తొచ్చింది ఆ రోజునే.

ఇక నిబంధనలు. ఇలాంటి నెట్‌వర్కును ప్రభుత్వ భాషలో క్యాప్టివ్ నాన్ పబ్లిక్ నెట్‌వర్క్ అంటారు. టెలికాం శాఖ 2022 జూన్‌లో మార్గదర్శకాలిచ్చింది. నాలుగు దారులున్నాయి. టెలికాం కంపెనీ తన ప్రజా నెట్‌వర్కులోనే మీకొక భాగం కేటాయించవచ్చు. లేదా తన స్పెక్ట్రమ్‌తోనే మీ ఆవరణలో విడి నెట్‌వర్క్ కట్టి ఇవ్వవచ్చు. ఈ రెంటికీ మీకు లైసెన్సు అక్కర్లేదు. మూడోది, వాళ్ళ దగ్గర స్పెక్ట్రమ్ లీజుకు తీసుకుని నెట్‌వర్క్ మీరే పెట్టుకోవడం. నాలుగోది, స్పెక్ట్రమ్‌ను ప్రభుత్వం నుంచి నేరుగా తీసుకోవడం. మీరు విన్న 50 వేలు ఈ చివరి రెంటికి సంబంధించినది. ఆ 2022 మార్గదర్శకాల ప్రకారం ప్రవేశ రుసుము లేదు, ఏటా కట్టే లైసెన్సు ఫీజూ లేదు, గడువు పదేళ్ళు. కాగితం మీద ఇంత చవకైన లైసెన్సు టెలికాం రంగంలో నేనింకొకటి చూడలేదు.

మేము మూడో దారి పట్టాం. రెండు కంపెనీలకు లేఖలు రాశాం. ఒకరు జవాబే ఇవ్వలేదు. రెండోవారు మూడు వారాల తర్వాత అమ్మకాల విభాగం నుంచి ఒక కుర్రాణ్ణి పంపారు. "స్పెక్ట్రమ్ మీకెందుకు సార్, నెట్‌వర్కే మేము పెట్టిస్తాం కదా" అన్నాడు. అతని తప్పేమీ లేదు. లీజుకివ్వాలని వాళ్ళ మీద ఒత్తిడి లేదు, ధర ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోవాలి. నెట్‌వర్క్ కట్టి నెలనెలా బిల్లు వసూలు చేసుకోగలిగిన వాడు మీకు విడిగా స్పెక్ట్రమ్ ఎందుకిస్తాడు? మీ ఊళ్ళో మిల్లున్నాయన మీ చేత ఇంకో మిల్లు పెట్టిస్తాడా?

నాలుగో దారి మేము తిరిగిన రోజుల్లో మూసే ఉంది. 2022 ఆగస్టులో టెలికాం శాఖ ఎవరికి ఎంత కావాలో చెప్పమని సర్వే పెట్టింది. నికర విలువ 100 కోట్ల రూపాయలు దాటిన సంస్థలకే ఆ పిలుపు. మేము ఆ గీత కిందే ఆగిపోయాం. ఇలా నేరుగా ఇస్తే 5జీ పెట్టుబడికి అర్థమే ఉండదని సెల్యులార్ ఆపరేటర్ల సంఘం ముందునుంచీ వాదిస్తోంది. పైగా 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం వేలమే మామూలు పద్ధతి. వేలం లేకుండా ఇచ్చే అవసరాలను మొదటి షెడ్యూలులో రాశారు. గనులు, ఓడరేవుల భద్రత వంటివి అందులో ఉన్నాయి గానీ మామూలు ఫ్యాక్టరీ పేరు లేదు. పోనీ వేలంలోనే కొందామంటారా? 2022లో అదానీ డేటా నెట్‌వర్క్స్ ఆ పనే చేసింది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు టెలికాం సర్కిళ్ళలో (ప్రాంతాల్లో) 26 గిగాహెర్ట్జ్ బ్యాండులో, అంటే ఆ తరంగాల పట్టీలో, 400 మెగాహెర్ట్జ్‌ను 212 కోట్లకు కొంది. 2025లో దాన్ని ఎయిర్‌టెల్‌కు అప్పగించడానికి ఒప్పందం చేసుకుంది. అంతటివాళ్ళే వదులుకున్నాక మన లెక్క ఏపాటిది?

నా కడుపుమంట జర్మనీ సంగతి విన్నాక ఇంకాస్త పెరిగింది. నా సహాధ్యాయి స్టుట్‌గార్ట్ దగ్గర ఒక కర్మాగారంలో ఇదే పని చేస్తున్నాడు. అక్కడ 3.7 నుంచి 3.8 గిగాహెర్ట్జ్ వరకు మొత్తం 100 మెగాహెర్ట్జ్‌ను 2019 నుంచీ ఇలాంటి స్థానిక నెట్‌వర్కులకే విడిగా ఉంచారు. ఎవరి స్థలానికి వాళ్ళే దరఖాస్తు చేసుకుంటారు. రుసుముకు సూత్రం ఉంది: వెయ్యి యూరోలకు, మెగాహెర్ట్జ్‌లు, ఏళ్ళు, 5, చదరపు కిలోమీటర్లు గుణించి కలపాలి. కట్టడాలున్న నేలైతే విస్తీర్ణాన్ని మళ్ళీ ఆరుతో గుణించాలి. మా 25 ఎకరాలంటే చదరపు కిలోమీటరులో పదో వంతు. 100 మెగాహెర్ట్జ్ పదేళ్ళకు 4 వేల యూరోలు తేలింది. ఫోన్లో ఆ లెక్క రెండుసార్లు వేయించాను.

చివరికి మేము రెండో దారికే వచ్చాం, అంటే టెలికాం కంపెనీ కట్టిచ్చిన విడి నెట్‌వర్క్. రీచ్ స్టాకర్ల సమస్య తీరింది. అయితే ఒక దెబ్బ తిన్నాం, అది మీరు తినకండి. ఒకే బ్యాండులో పైకీ (పరికరం నుంచి నెట్‌వర్కుకు) కిందికీ (నెట్‌వర్కు నుంచి పరికరానికి) వంతులవారీగా పంపుతారు. మా కెమెరాలు వీడియోను పైకి పంపుతాయి, కిందికి వచ్చేది తక్కువ. జనం ఫోన్లలో వ్యవహారం ఇందుకు తలకిందులు, అందుకే ప్రజా నెట్‌వర్కులో ఎక్కువ సమయం కిందికి పంపడానికే పోతుంది. మా నెట్‌వర్కుదీ అదే బ్యాండు, పక్కనే వాళ్ళ ప్రజా టవర్లు. ఒకటి పంపుతున్నప్పుడు ఇంకొకటి వింటుంటే రెండూ చెడతాయి. కాబట్టి మా సమయ విభజన కూడా వాళ్ళతో కలిసే నడవాలి. కెమెరాల నాణ్యత తగ్గించుకోవాల్సి వచ్చింది. స్పెక్ట్రమ్ సొంతమైతే ఆ విభజన మన చేతిలో ఉండేది.

ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు మూడు అడగండి. పైకి పంపే వేగం ఎంతో కాగితం మీద రాసిస్తారా? నెట్‌వర్కు మొత్తాన్ని నడిపే కోర్ సర్వర్ మీ ఆవరణలో ఉంటుందా, వాళ్ళ డేటా సెంటర్లోనా? బయట ఫైబర్ తెగితే లోపలి నెట్‌వర్క్ నడుస్తుందా? మూడోదానికి మాకు మొదట నోటిమాటగా అవునన్నారు, రాతలో మాత్రం ఆ వాక్యం కనబడలేదు. పోట్లాడి పెట్టించాం.

మీ ఫ్యాక్టరీలో కదిలే వాహనాలెన్నో మీరు రాయలేదు. కదలని యంత్రాలూ సెన్సార్లే ఎక్కువైతే ఈ గొడవంతా ఎందుకు, కేబుల్ లాగించేయండి.