సమాధానం: మూడో పొరకే ముద్ద కూలిపోతోందన్న ప్రశ్నకు

తమ్ముడూ, చెన్నై ల్యాబులో 3డి ప్రింటర్ మీద జీవకణాలు కలిపిన అల్జినేట్–జెలటిన్ ఇంకుతో (అల్జినేట్ అంటే సముద్రపు నాచు జిగురు, జెలటిన్ అంటే చల్లబడితే గడ్డకట్టే ప్రోటీన్) పొరలు పొరలుగా ముద్రిస్తే మూడో పొరకే జావలా జారిపోతోందన్నావు. ఇంకు మార్చకు, ముందు వేడి చూడు. జెలటిన్ 30 డిగ్రీలు దాటితే నిలవదు. మీ ఊరి ఎండలో ఏసీ ఓ పావుగంట ఆగినా చాలు.

ముద్రించే ముందు నాజిల్ నుంచి గాలిలోకి కాస్త వదిలి చూడు. బొట్టుగా వేలాడితే ఇంకా గడ్డకట్టలేదు, గరుకుగా తెగితే మరీ చల్లబడింది. సేమియాలా నున్నగా దిగాలి. బెంగళూరులో నేనైతే సిరంజికి, కింది ప్లేటుకు విడివిడిగా చల్లదనం పెట్టాక కుదుటపడ్డాను.

అయినా కూలితే జెలటిన్ రేణువుల స్నానంలో, అంటే ముద్దను పట్టి నిలిపే తొట్టిలో, ముద్రించు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో చూపిన 'ఫ్రెష్' పద్ధతి అదే. స్నానంలోని కాల్షియం అల్జినేట్‌ను బిగిస్తుంది, తర్వాత 37 డిగ్రీలకు తెస్తే స్నానంలోని జెలటిన్ కరిగిపోతుంది.

కడిగాక మెత్తబడుతోందన్నావే, అది ఫాస్ఫేట్ బఫర్ (ఆమ్లత మారకుండా ఉంచే కడుగు ద్రావణం) పని, అల్జినేట్‌ను బిగించిన కాల్షియాన్ని లాగేస్తుంది. ఫాస్ఫేట్ లేని హెపీస్ బఫర్‌లో కొంచెం కాల్షియం క్లోరైడ్ కలిపి కడుగు.

ముద్ద మధ్యలో కణాలు చనిపోతున్నాయన్నావు, అది మాత్రం వేరే కథ. రక్తనాళాలు లేనిచోట ఆక్సిజన్ సుమారు 200 మైక్రాన్ల (0.2 మిల్లీమీటర్ల) దాకానే అందుతుంది. ముద్ద లోపల ఖాళీ దారులు వదలాల్సిందే.