నెమలి కేకు ఒప్పుకున్న మేనకోడలికి

చిరంజీవి సుధకు,

అత్తయ్య ఆశీస్సులు. పెళ్లి కేకు ఆర్డర్ వచ్చిందని, అదీ తోక కిందికి జార్చి కూర్చున్న నెమలి ఆకారంలో కావాలన్నారని నీ మెసేజ్ చూశాను. చాలా సంతోషం. "ఫొటోలో ఉన్నట్టే వస్తుందా అత్తయ్యా?" అని అడిగావు. వస్తుంది. నీ చేతి పనితనం నాకు తెలుసు, దాని గురించి బెంగ లేదు. నువ్వు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ కేకును ఎవరు కోస్తారు, ఎక్కడ కోస్తారు?

నవ్వకు. బొమ్మ కేకుల దగ్గర వచ్చే చిక్కుల్లో సగం ఇక్కడే. నెమలి మెడ మీద కత్తి పెట్టడానికి ఏ పెళ్లికూతురికీ చేతులు రావు. చుట్టూ అందరూ ఫోన్లు పట్టుకుని నిలబడతారు, ఫొటోగ్రాఫర్ తొందరపెడుతుంటాడు, పెళ్లికొడుకు కత్తి పట్టుకుని దిక్కులు చూస్తుంటాడు. చివరికి ఎక్కడో ఒకచోట గుచ్చుతారు, సరిగ్గా అక్కడే లోపల ఆధారంగా నిలబెట్టిన కడ్డీ తగులుతుంది. అందుకే కాగితం మీద పెన్సిల్ పెట్టకముందే కత్తి పడే చోటు ఖాయం చేసుకో. నెమలికైతే తోక కింది భాగం. అక్కడ పొడవాటి కేకు దిమ్మ ఒకటి పెట్టు. అందులో పుల్ల గానీ తీగ గానీ ఏదీ ఉండకూడదు. జంట అక్కడ కోస్తే ఫొటోల్లో నెమలి ముఖం చెక్కుచెదరకుండా ఉంటుంది. మిగతా ఒళ్లంతా లోపలికి తీసుకెళ్లి ముక్కలు చేసుకుంటారు.

ముక్కల లెక్క కూడా ఇప్పుడే చూసుకో. పెళ్లిళ్లలో మామూలుగా ఒక ముక్క అంటే అంగుళం మందం, 2 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు. ఆ లెక్కన 10 అంగుళాల గుండ్రటి కేకు సుమారు 38 మందికి వస్తుంది. కానీ చెక్కే కేకులో పావు వంతు దాకా తరుగు పోతుంది, ఆకారం వంకరటింకరగా ఉంటుంది కాబట్టి ముక్కలూ సమంగా రావు. నెమలితోనే ఊరందరికీ పెట్టాలని చూడకు. అదే రుచితో రెండు మూడు సాదా పలక కేకులు చేసి వడ్డించేవాళ్లకు ఇచ్చెయ్. నెమలి చిన్నదైతే బరువు తగ్గుతుంది, నీకు టెన్షనూ తగ్గుతుంది.

ఇక అస్థిపంజరం. ఎక్కువ రాసేది దీని గురించే, ఎందుకంటే నువ్వు పంపిన బొమ్మలో ఈకలన్నీ ఉన్నాయి గానీ లోపల ఏముందో లేదు. 10 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తున్న మడ్ కేకు (గట్టిగా, బరువుగా ఉండే చాక్లెట్ కేకు) గనాష్‌తో, అంటే చాక్లెట్, క్రీమ్ కలిపిన పూతతో కలిపి నాలుగైదు కిలోలు తూగుతుంది. నీ నెమలి దానికి రెండు మూడింతలు ఉంటుంది. అంత బరువుకు అట్ట బోర్డు చాలదు, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకో. మధ్యలో రంధ్రం వేయించి మరలున్న స్టీలు కడ్డీ నిలబెట్టి, పైనా కిందా వాషర్లు వేసి నట్లు బిగించు. కింది నట్టు బోర్డు అడుగున పొడుచుకొస్తుంది కాబట్టి నాలుగు మూలలా చిన్న చెక్క కాళ్లు కొట్టించు. ఆ కాళ్లుంటే ఎత్తేటప్పుడు వేళ్లు దూర్చడానికి సందూ దొరుకుతుంది. కడ్డీ కేకుకు తగలకుండా ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ గొట్టం తొడుగు. బోర్డు మీద ఫాండెంట్ (కేకు మీద కప్పే చక్కెర ముద్ద) పొర, లేదా తినే వస్తువులు తగిలినా ఫర్వాలేని కాగితం అంటించు.

కేకు ఎత్తు 4 అంగుళాలు దాటిన ప్రతిచోటా మధ్యలో పలుచని బోర్డు ఒకటి, దాని కింద డవెల్స్, అంటే బరువు మోసే పుల్లలు. డవెల్ ఒకటి గుచ్చి, పై అంచు దగ్గర గీత పెట్టి, బయటికి తీసి కోసి, మిగతావన్నీ దాని కొలతకే కొయ్యి. ఒక్కోదాన్ని విడిగా గుచ్చి కొలిస్తే కేకు ఎగుడుదిగుళ్లన్నీ డవెల్స్‌లోకి వచ్చేస్తాయి, పై బోర్డు ఒక పక్కకు ఒరుగుతుంది. సాయంత్రానికి నెమలి కూడా ఒరుగుతుంది.

మెడను కేకుతో చేయాలనుకోకు. సన్నగా, పైకి, వంపు తిరిగి ఉండే ఏ భాగాన్నీ కేకుతో చేయలేం. కడ్డీ పైకొసకు గట్టి అల్యూమినియం తీగ చుట్టి, దాన్ని వంచి, ఫాయిల్ చుట్టి, దాని మీద రైస్ క్రిస్పీలు (మరమరాల్లాంటివి), మార్ష్‌మాలో కలిపి కరిగించిన ముద్ద పెట్టి గట్టిగా నొక్కు. చాలా తేలిక, చెప్పిన ఆకారంలో నిలబడుతుంది. దాని మీద మోడలింగ్ చాక్లెట్ పలుచగా పూస్తే మెడ, తల, ముక్కు అన్నీ చెక్కుకోవచ్చు. మోడలింగ్ చాక్లెట్ కొలత డార్క్ చాక్లెట్ 200 గ్రాములకు గ్లూకోజ్ సిరప్ 100 గ్రాములు. వైట్ అయితే సిరప్ ఇంకా తగ్గించాలి. కలిపి రాత్రంతా వదిలెయ్, పొద్దున్నే పిసికితే మైనంలా లొంగుతుంది. కాళ్ల సంగతికొస్తే, నెమలిని కూర్చోబెట్టావు కాబట్టి కాళ్లతో పనే లేదు. కస్టమర్ నిలబడ్డ నెమలి కావాలని మళ్లీ మాట మారిస్తే ఒప్పుకోకు.

కేకు రకం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మడ్ కేకు గానీ పౌండ్ కేకు గానీ చెయ్. మెత్తటి స్పాంజి చెక్కుడుకు ఆగదు. లోపల ఫ్రెష్ క్రీమ్, కస్టర్డ్ పెట్టకు. అలాంటివి ఫ్రిజ్ బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, పెళ్లిలో కేకు అంతకంటే ఎక్కువసేపే బల్ల మీద ఉంటుంది. గనాష్, జామ్ చాలు.

చెక్కేటప్పుడు ముందు నెమలిని అసలు సైజులో కాగితం మీద గీసుకో. పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి. ఆ గీతకు ఒక సెంటీమీటరు లోపలికి ఇంకో గీత గీసి, దాని వెంట కత్తిరించు. గనాష్ అర సెంటీమీటరు దాకా, ఫాండెంట్ 3-4 మిల్లీమీటర్లు కలిసి ఆ సెంటీమీటరును నింపేస్తాయి. ఇది చూసుకోకపోతే నీ నెమలి లావెక్కి కోడిపెట్ట అవుతుంది. కేకును రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, గట్టిగా ఉండగానే పళ్లున్న కత్తితో ముందు మూలలు తియ్. పెద్ద ముక్కలు తెంచకు, పలుచటి పొరలుగా తియ్. నాలుగు కోతలకోసారి రెండడుగులు వెనక్కి వెళ్లి చూడు. దగ్గర్నుంచి చూస్తే రొమ్ము వంపు ఎప్పుడూ సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. రాలిన పొడిని పారెయ్యకు, కాస్త గనాష్ కలిపి ముద్ద చేస్తే ఎక్కువ కోసిన చోట అతుకు వేయడానికి పనికొస్తుంది.

గనాష్ కొలత డార్క్ చాక్లెట్‌కి రెండుకు ఒకటి, అంటే కిలో చాక్లెట్‌కి అర కిలో క్రీమ్. వైట్‌కి మూడుకు ఒకటి, ఎండలు ముదిరితే చాక్లెట్ ఇంకాస్త పెంచు. ముందురోజే చేసి పెట్టుకో. బటర్ క్రీమ్ మీద ఫాండెంట్ కప్పడం బొమ్మ కేకులకు నాకు నచ్చదు. వేడి 30 డిగ్రీలు దాటితే వెన్న మెత్తబడి ఫాండెంట్ ముడతలుగా దిగజారుతుంది. గనాష్ గట్టిపడితే పైన వేసిన అంచులు అలాగే నిలుస్తాయి.

ఒళ్లంతా ఒకే ఫాండెంట్ షీటుతో కప్పాలని పంతం పట్టకు. ముక్కలుగా వేస్తే అతుకుల మీద ఈకలే వచ్చి కూర్చుంటాయి. ఈకలకు గమ్ పేస్ట్, అంటే ఆరితే గట్టిపడే చక్కెర ముద్ద కావాలి. 250 గ్రాముల ఫాండెంట్‌కి చిన్న చెంచాడు టైలోజ్ పౌడర్ (ముద్దను గట్టిపరిచే పొడి) కలిపితే సరిపోతుంది. రెండు మూడు వారాల ముందే చేసి ఆరబెట్టుకో, వంపు తిరిగిన అట్ట మీద పెడితే వంపుతోనే ఆరతాయి. పావు వంతు ఎక్కువ చెయ్, విరుగుతాయి. తీగ పెట్టిన ఈకల్ని నేరుగా కేకులో గుచ్చకు, ప్లాస్టిక్ పిక్‌లో (కేకులో గుచ్చే చిన్న గొట్టంలో) పెట్టి గుచ్చు.

రంగుల్లో రెండు జాగ్రత్తలు. నీలం కలిపిన పూట లేతగానే ఉంటుంది, మర్నాటికి ముదురుతుంది. ముందురోజే కలుపుకుని, సరిపోకపోతే అప్పుడు చూసుకో. చాక్లెట్‌లోకి నూనె ఆధారిత రంగే వాడు, నీళ్ల రంగు తగిలితే అది గడ్డకట్టేస్తుంది. మెరిసే పొడి కొనేటప్పుడు డబ్బా మీద "నాన్ టాక్సిక్" అని మాత్రమే ఉంటే తీసుకోకు. అది తింటే వెంటనే హాని చేయదని అర్థం గానీ, తినే వస్తువని కాదు. "ఎడిబుల్" అని రాసి, అందులో కలిపిన పదార్థాల జాబితా ఇచ్చినదే కొను. ముదురు నీలం ఫాండెంట్ మందంగా వేస్తే పెళ్లివాళ్ల నాలుకలన్నీ నీలంగా మారతాయి, అదీ గుర్తుపెట్టుకో. లేత రంగు ఫాండెంట్ వేసి, పైన బ్రష్‌తో పూత వెయ్యి.

ఫ్రాన్సులో మారీ ఆంటొనిన్ కరేమ్ (మరణం 1833) అనే పాకశాస్త్రవేత్త ఉండేవాడు. గుళ్లూ, శిథిలాలూ, వంతెనల బొమ్మలు చూసి చక్కెర పాకంతో, బాదం ముద్దతో భవనాలు కట్టేవాడు. విందు బల్ల మధ్యలో పెట్టుకుని చూసుకోవడానికే ఎక్కువగా అవి. ఆయన పని గొప్పదే గానీ మన పని వేరు. మనది తినాలి. నువ్వు చూపించిన ఆ ఇంటర్నెట్ ఫొటోల్లో కొన్ని థర్మాకోల్ మీద చేసినవే అయ్యుంటాయి, వాటితో పోల్చుకుని కుమిలిపోకు.

కేకు ఫ్రిజ్‌లో పెట్టాల్సి వస్తే అట్టపెట్టెలో పెట్టి, బయటికి తీశాక పెట్టె మూతతోనే గది వేడికి రానివ్వు. లేకపోతే ఫాండెంట్ మీద చెమట పట్టి నీలం కారుతుంది. కారులో సీటు మీద పెట్టకు, అది ఏటవాలుగా ఉంటుంది. వెనక డిక్కీలో సమంగా ఉన్న చోట, జారని మ్యాట్ వేసి పెట్టు. ఏసీ ముందే నడిపించు. తల, మెడ విడిగా పట్టుకెళ్లి అక్కడే అమర్చు, ముందే పెట్టేస్తే గతుకులకు మొదట విరిగేది మెడే. వెంట పైపింగ్ బ్యాగ్, కాస్త గనాష్, అదనపు ఈకలు, చిన్న బ్రష్ తీసుకెళ్లు.

ఇంకొకటి. వడ్డించేవాళ్లకు ఒక కాగితం రాసి ఇవ్వు. నెమలి బొమ్మ గీసి, కడ్డీ ఎక్కడుందో, డవెల్స్ ఎన్ని ఉన్నాయో, తీగలున్న ఈకలు ఏవో, ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో రాయి. తినకూడని వస్తువులు మొత్తం ఎన్నో లెక్క పెట్టి పైన పెద్ద అక్షరాలతో రాయి, కోశాక అన్నీ బయటికొచ్చాయో లేదో వాళ్లు సరిచూసుకుంటారు. చిన్నపిల్ల నోట్లోకి తీగ ముక్క పోకూడదు.

కస్టమర్‌తో ఈ వారమే మాట్లాడు. తల కేకు కాదని, ఎక్కడ కోయాలో నువ్వే చెబుతావని, మారిస్తే ఫలానా తేదీలోపే మార్చాలని మెసేజ్‌లో రాసి పెట్టించుకో. గీత పూర్తయ్యాక పక్క నుంచి, పై నుంచి ఫొటోలు తీసి నాకు పంపు. కడ్డీ ఎక్కడ నిలబెట్టాలో చూసి చెబుతాను, అప్పటిదాకా ప్లైవుడ్‌కి రంధ్రం వేయించకు.

మీ అత్తయ్య